పంచితం కోసం బుదైయా

బహ్రెయిన్‌లో మాకంటూ ఒక గది దొరికిందని తెలిసిన పూటే మా వదిన ఆవు కావాలంది.

వదినంటే మా ఆయనకి అక్క. ముహర్రక్‌లో ఒక పెద్ద ఇంట్లో వంటమనిషి. మాకంటే చాలా ఏళ్ళు ముందొచ్చింది. తమ్ముణ్ణీ, ఆ తర్వాత నన్నూ ఇక్కడికి రప్పించింది ఆవిడే కాబట్టి, మా విషయంలో ఆవిడ మాటకి వీసా ఇచ్చిన కఫీల్ మాటకన్నా బరువెక్కువ. కఫీల్ మా పాస్‌పోర్టులు మాత్రమే తన దగ్గర పెట్టుకున్నాడు. మిగతావన్నీ వదిన చేతిలోనే ఉండేవి.

గల్ఫ్ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయిన రోజులవి. మా ఆయన అవాలి వైపు పనులు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర పికప్ నడిపేవాడు. ఉండేది క్యాంపులో, మంచాల మీద మంచాలు వేసిన గదిలో. నేను ఒక ఇంట్లో పనిచేస్తూ, బియ్యం బస్తాలుండే గదిలో పడుకునేదాన్ని. పెళ్ళయిన మూడో ఏడు దాకా మా కాపురమంతా శుక్రవారం సాయంత్రాలు, సముద్రపు గట్టు మీద, పల్లీలు నములుతూ, వచ్చేపోయే జనం మధ్యనే జరిగింది. ఎలాగైతేనేం, ముహర్రక్ పాతవీధిలో ఒక ముసలమ్మ ఇంటి మేడ మీద గది దొరికింది. తలుపుకి లోపలివైపు గడియ ఉంది. నేను ముందు చూసింది దాన్నే.

ఆ మాట చెప్పడానికి వదిన దగ్గరికి వెళ్తే, ఆవిడ వంటింటి వెనక గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"కొత్తింట్లో ముందు ఆవు అడుగెట్టాలి," అంది.

"అక్కా, అది మేడమీద గది. ఆ మెట్లు నాకే చాలట్లేదు. పక్కకి తిరిగి ఎక్కుతున్నాను," అన్నాడు మా ఆయన.

"ఆవు రాకపోతే ఆవు పంచితమైనా రావాలి. నాలుగు మూలలా చల్లి, ఆవుపాలు పొంగించి, అప్పుడు కాపురం పెట్టండి. అప్పటిదాకా ఎవరి చాప వాళ్ళదే."

"పాలు డబ్బాలో ఉన్నాయి కదా వదినా," అన్నాను నేను మెల్లిగా.

"పొడి కలిపి పాలు పొంగిస్తావా? రేపు పుట్టే పిల్లలు కూడా అలాగే పుడతారు, పొడిపొడిగా."

ఆ మాటకి ఎదురు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు. అయినా మా ఆయన ఊరుకోలేదు. లోపల పొయ్యి మీద ఉడుకుతున్న పెద్ద గిన్నె వైపు చూశాడు. ఆ ఇంట్లో వాళ్ళకి వారంలో సగం రోజులు పశుమాంసంతో మచ్బూస్ అనే అరబ్బు పులావు ఉండాల్సిందే. అది వండటంలో మా వదినకి వీధంతా పేరు. పక్కింటివాళ్ళు పండగలకి అరువు తీసుకెళ్ళేవారు ఆవిణ్ణి.

"మరి ఆ గిన్నెలో ఉన్నదాని పంచితం పట్టావా?" అన్నాడు.

వదిన ఉల్లిపాయ ఒలవడం ఆపలేదు. "అది డ్యూటీ," అంది. "డ్యూటీ వేరు, దేవుడు వేరు. నువ్వు పికప్ ఎక్కేముందు స్టీరింగుకి దణ్ణం పెడతావు. లోపల పోసేది మాత్రం అరబ్బులు తోడిన పెట్రోలే కదా."

దాంట్లో తర్కం ఏమిటో మాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం ఇద్దరం తలూపాం.

ఆవు ఎక్కడుందో మా ఆయనకి తెలుసు. అదివరకు క్యాంపులో పక్కమంచం మీద ఉండే, కామారెడ్డి అన్న అని మేం పిలిచే ఒకాయన, మేస్త్రీ పనికని వచ్చి, కఫీల్ బంధువుకి మనిషి కావలసి వస్తే బుదైయా దగ్గర పశువుల తోటకి మారాడు. తాపీ పట్టుకున్న చేత్తో పేడ ఎత్తాల్సి వచ్చిందని ఆయన బాధపడలేదట. ఆవులు ఓవర్‌టైం అడగవు, రాత్రిళ్ళు గురక పెట్టవు, క్యాంపుకన్నా ఇదే నయం అన్నాడట.

వదిన తన మేడమ్‌కి గుడికి వెళ్ళాలని చెప్పి శుక్రవారం సెలవు తీసుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ సెలవడగడం అదే మొదలు కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ కాదనలేకపోయారు. పొద్దున్నే మేము వెళ్ళేసరికి పట్టుచీర కట్టుకుని, పన్నీరు ఖాళీ సీసా ఒకటి కడిగి చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. నేను పులిహోర కలిపి డబ్బాలో సర్దాను. ముగ్గురం పికప్ ముందు సీట్లో ఇరుక్కున్నాం. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా మా ఆయన "అక్కా, మోకాలు" అనేవాడు, ఆవిడ మోకాలు ఇటు జరిపేది, నా మోకాలు తలుపుకి కొట్టుకునేది. బుదైయా చేరేదాకా మాట్లాడుకున్నది ఆ మాత్రమే.

తోట చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఒక పక్క కొత్త విల్లాలు, తెల్లటి గోడలు, గోడల మీంచి కాగితప్పూలు. వాటి మధ్య సందులోంచి లోపలికి వెళ్తే ఖర్జూరపు చెట్లు. చెట్ల కింద మడులు కట్టి పెంచిన పచ్చిమేత. మేత అవతల ఖర్జూరపు మట్టల పందిరి, దాని కింద పొట్టి పొట్టి ఆవులు. మా వైపు ఆవుల్లా మూపురాలున్నాయి గానీ మనిషి నడుము దాటవు. నల్లగా, గోధుమరంగుగా, ఎవరినీ ఖాతరు చెయ్యకుండా నెమరేస్తున్నాయి.

కామారెడ్డి అన్న లుంగీ ఎగ్గట్టుకుని ఎదురొచ్చాడు. "రాండ్రి, రాండ్రి. దుబాయికొచ్చినంక నన్ను జూడనీకి మనిషొచ్చుడు ఇదే మొదలు," అన్నాడు. ఆయనకి గల్ఫ్ మొత్తం దుబాయే. బహ్రెయిన్ అనేది దుబాయిలో ఒక వీధి.

తోట యజమాని ముసలాయన ఒక చెక్కబల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అందరూ ఆయన్ని బాబా అనేవారు. మా ఆయన తనకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి సంగతి చెప్పాడు. బాబా శ్రద్ధగా విన్నాడు. పాలు అనగానే తలూపాడు. రెండో వస్తువు దగ్గర మాత్రం మళ్ళీ చెప్పమన్నాడు. మా ఆయన మాటలు చాలక చేత్తో చూపించాడు. నేను ఖర్జూరపు చెట్ల వైపు తిరిగాను.

"ఒంటెదైతే మా తాత మందుకని తాగేవాడు," అన్నాడు బాబా చివరికి. "ఆవుది ఎవరు తాగుతారు? మీ అక్కకి జబ్బా?"

"జబ్బు కాదు బాబా. ఇంటికి."

"ఇంటికి జబ్బా?"

పట్టుకోండి, ఎంత కావాలంటే అంత పట్టుకోండి అని ఆయన టీ గ్లాసు మళ్ళీ ఎత్తుకున్నాడు.

చిక్కు దాణా దగ్గర వచ్చింది. కామారెడ్డి అన్న ఒక పెద్ద డేగిశాలో ఉడకబెట్టిన ఖర్జూరపు గింజలు తెచ్చి తొట్టిలో పోశాడు. తర్వాత గోనెసంచి విప్పి రెండు చేతులా ఏదో తీసి దాని మీద జల్లాడు. ఆ వాసన నేను పుట్టి పెరిగిన నర్సాపురం వైపు వాసన. ముక్కుకి తగలగానే ప్రాణం లేచొచ్చింది. ఎండుచేపలు. అచ్చం మా మెత్తళ్ళే. ఆవులన్నీ ఒక్కసారి లేచి తొట్టి మీద పడ్డాయి. కరకరమని నమిలాయి.

వదిన సీసా గుండెకి అదుముకుంది. "అదేంటి తమ్ముడూ, ఆవుకి చేపలు పెడుతున్నావు?"

"గిదే తిండి అక్కా ఈడ. గడ్డి తక్కువుంటది గద. ఎండుశాపలు ఎయ్యకపోతె పాలియ్యది. మొదట్ల నేను గూడ ముక్కు మూస్కున్న. ఇప్పుడైతె నేనింత, గవ్వింత తింటున్నం."

వదిన అక్కడే ఒక రాయి మీద కూలబడింది. నీచు తినే ఆవు పాలు పొంగించడమా, దాని పంచితం దేవుడి పటం మీద చల్లడమా అని మొదలుపెట్టి, ఈ దేశంలో ఆవులు కూడా ఆచారం చెడిపోయాయని చాలాసేపు బాధపడింది. ఆవిడ మాత్రం శనివారాలు తప్ప అన్ని రోజులూ చేపలు తినే మనిషే. మా ఆయన నా వైపు చూశాడు. ఆయన కళ్ళలో గడియ ఉన్న తలుపు కనిపించింది నాకు.

"అక్కా," అన్నాడు, ఎదురుగా గొంతుక్కూర్చుని. "దేవుడు మొట్టమొదట ఏ అవతారం ఎత్తాడు?"

"ఏంట్రా ఇప్పుడు?"

"చెప్పు."

"మత్స్యావతారం."

"మత్స్యమంటే?"

వదిన తొట్టి వైపు చూసింది. ఒక నల్లావు ఆఖరి చేపతోక మూతి మీంచి నాకి లోపలికి లాక్కుంది. వదిన మొహంలో నెమ్మదిగా వెలుగు వచ్చింది. గోవు ముక్కోటి దేవతల్నీ కడుపులో పెట్టుకుంటుందని పెద్దలు చెప్పిన మాట ఇదేనేమో అంది. మా ఆయన తల వంచుకుని నవ్వు మింగాడు. ఆయన జీవితంలో పురాణం పనికొచ్చింది ఆ ఒక్కసారే.

దాంతో వదిన నల్లావుని ఎంచుకుని దాని వెనక కాపలా కూర్చుంది. పొద్దెక్కింది. ఆవు మేత తింది, నీళ్ళు తాగింది, పేడ వేసింది, తోక విసిరి వదిన చెంప మీద ఒకటిచ్చింది. కావలసిన పని మాత్రం చెయ్యలేదు. వదిన లేచి నడుం సర్దుకోవడానికి అటు తిరగగానే, దూరంగా ఉన్న గోధుమరంగు ఆవు ధారాళంగా పోసేసింది. ఆవిడ సీసాతో పరుగెత్తి వెళ్ళేసరికి ఇసుక తాగేసింది. తిరిగొచ్చేసరికి ఇక్కడ నల్లావు కాళ్ళ కింద తడి.

"ఇది కావాలనే చేస్తోందే అమ్మాయ్," అంది నాతో.

పులిహోర తిన్నాం. బాబాకి ఒక పళ్ళెం ఇస్తే తిని, ఇందులో కూర ఎక్కడుందని అడిగాడు. మధ్యాహ్నం ప్రార్థనకి ఆయన మసీదుకి వెళ్ళాడు. కామారెడ్డి అన్న, మా ఆయన ఖర్జూరపు చెట్టు కింద ఒరిగారు. నేను వదిన పక్కన కూర్చున్నాను. ఎండ పల్చగా ఉంది. ఆవిడ ఒక చెయ్యి ఆవు డొక్క మీద వేసి ఉంచింది. కాసేపటికి చెంప కూడా ఆనించింది.

"వెచ్చగా ఉందే," అంది.

నేను ఆవు మీద ఈగలు తోలాను.

"ఇన్నేళ్ళూ నా చేతికొచ్చినవన్నీ చల్లగా, కవర్లో చుట్టి వచ్చినవే. కదిలేదాన్ని ముట్టుకుని ఎన్నాళ్ళయిందో. పెళ్ళవక ముందు మా దొడ్లో గేదె ఉండేది. నా అడుగు వింటేనే అరిచేది. మా ఆయన పోయాక అమ్మేశారు." ఆవు ఊపిరి తీసినప్పుడల్లా ఆవిడ తల కొంచెం పైకి లేచి దిగుతోంది. "నన్ను కాసేపు ఇలా ఉండనీ. అది పోస్తే చెప్పు."

ఆవిడ నిద్రపోయిందని నాకు కాసేపటికి తెలిసింది. ఆవు కూడా కదలకుండా నిలబడింది. సీసా నా ఒళ్ళో పెట్టుకుని నేను కాపలా కాశాను. మనసులో మాత్రం, ఓ గోమాతా, నువ్వు పొయ్యకపోయినా ఫరవాలేదు, ఈవిడ లేచేదాకా కదలకు అనుకున్నాను.

బాబా తిరిగొచ్చి, ఇంకా పని కాలేదా అని అడిగేసరికి వదిన కళ్ళు నులుముకుంటూ లేచింది. నాలుగడుగులు నడిపిస్తే పోస్తుందన్నాడు. కామారెడ్డి అన్న తాడు విప్పబోతుంటే మా ఆయన అడ్డొచ్చాడు.

"నాకివ్వు. పశువులు మాకు కొత్త కాదు," అన్నాడు.

మా మామగారు దర్జీ. మా ఆయన పుట్టిపెరిగింది కుట్టుమిషను కింద. అక్క గేదె దగ్గరికి ఆయన ఎప్పుడైనా వెళ్ళాడంటే పెరుగు కోసమే. కానీ నేను చూస్తున్నానని కాబోలు, తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకుని, "హోయ్, యల్లా" అన్నాడు. ఆవుకి యల్లా, అంటే పద, అన్న అరబ్బీ ముక్క అర్థమైంది. ఒక్క దూకు దూకింది. మా ఆయన మేతమడిలో బోర్లా పడి, కొంతదూరం అలాగే ప్రయాణం చేశాడు. తాడు ఎలా ఊడిందో దేవుడికే తెలియాలి. తోట గేటు మేమే బార్లా తీసిపెట్టాం, పికప్ లోపలికి రావడానికి. ఆవు ఆ గేటులోంచి సందులోకి, సందులోంచి విల్లాల వైపు వెళ్ళిపోయింది.

దాని వెనక వదిన. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, సీసా ఇంకో చేత్తో. ఆవిడ అంత వేగంగా పరుగెత్తగలదని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ వెనక నేను. నా వెనక చెప్పు తెగిన మా ఆయన, కామారెడ్డి అన్న, అందరి వెనకా చేతికర్రతో నింపాదిగా బాబా.

మూడో విల్లా గేటు తెరిచి ఉంది. లోపల పచ్చిక, పూలమడులు, నీలంగా ఈతకొలను. పెద్ద టోపీ పెట్టుకున్న ఒక తెల్లామె పూలకి నీళ్ళు పెడుతోంది. ఆవు ఆమె పక్క నుంచి వెళ్ళి, రెండు పూలగుత్తులు తిని, కొలను గట్టు మీద పరిచిన తెల్లటి పలకల మీద ఆగింది. నీళ్ళు వాసన చూసి మూతి తిప్పుకుంది. అప్పుడు వెనక్కాళ్ళు ఎడంగా పెట్టి, తోక మెల్లిగా పైకెత్తింది.

తెల్లామె ఏదో అనబోయింది.

"మేడమ్," అంది వదిన చెయ్యెత్తి, "నో టాక్. కౌ గోయింగ్."

ఆమె నోరు మూసుకుంది. చేతిలో పైపు అలాగే కారుతోంది. వదిన మోకాళ్ళ మీద కూర్చుని సీసా పట్టింది. సగం సీసాలోకి, పావు చీర మీదికి, మిగతాది పలకల మీంచి కొలనులోకి. మేమందరం గుళ్ళో హారతి దగ్గర నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాం. చాలాసేపు పట్టింది. మధ్యాహ్నమంతా దాచుకుంది కదా.

అయ్యాక వదిన సీసాకి మూత బిగించి, ఆవు వెనకతట్టు ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

తెల్లామె నా వైపు తిరిగి, ఇది మందా అని ఇంగ్లీషులో అడిగింది. "హౌస్, మేడమ్," అన్నాను. "న్యూ హౌస్. మై హస్బెండ్ అండ్ మీ." ఆమె సీసా వైపు, మట్టి కొట్టుకుపోయిన మా ఆయన వైపు, నా వైపు చూసింది. ఏమి అర్థమైందో ఏమో, కంగ్రాచులేషన్స్ అంది. ఒక పువ్వు కోసి నా చేతికి కూడా ఇచ్చింది, ఆవు తినగా మిగిలిన వాటిలోంచి. బాబా అప్పటికి చేరుకుని, ఆమెకి క్షమాపణ చెప్పి, కామారెడ్డి అన్నచేత కొలను గట్టు కడిగించాడు. కొలనులోకి పోయిన సంగతి ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం పాలు పితికి మాకు క్యాను నిండా పోసిచ్చారు. వదిన పికప్ ఎక్కేముందు పందిరి కిందికి వెళ్ళి ఆవుతో ఏదో చెప్పి వచ్చింది. ఏం చెప్పావని మా ఆయన అడిగితే, "నీకెందుకురా, దర్జీ కొడకా," అంది.

"నువ్వు దర్జీ కూతురివి కాదా?"

"నాకు అత్తింట్లో గేదె ఉండేది. నీకేముంది?"

గేదె పుట్టింటిదో అత్తింటిదో మాటమాటకీ మారుతోందని నేను గమనించాను గానీ అడగలేదు.

దీపాలు పెట్టే వేళకి గది చేరాం. వదిన నాలుగు మూలలా చల్లింది, మంచం మీద ఇంకో రెండు చుక్కలు ఎక్కువ చల్లింది. స్టవ్వు మీద పాలు పెట్టాం. పొంగు వచ్చినప్పుడు ముగ్గురం చూస్తూనే ఉండి కూడా మంట తగ్గించడం మర్చిపోయాం. స్టవ్వంతా పాలు. మంచిదేలే, నిండుగా పొంగింది అంది వదిన. కింద ఇంటి ముసలమ్మ వాసనకి మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి ముక్కుతో పరిశీలించి, ఏ అత్తరు ఇది అని అడిగింది. ఇండియాది అన్నాడు మా ఆయన. ఆవిడ మర్యాదకి బాగుందని చెప్పి, దిగుతూ ముసుగు అంచుతో ముక్కు మూసుకుంది.

పాలతో పరమాన్నం వండుకుని తిన్నాం. చేపల వాసన ఏమీ లేదు. వదిన రెండోసారి పెట్టించుకుంది. ఆ తర్వాత గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది, ఎంతసేపటికీ లేవలేదు. ఆవిడ వెళ్ళాలి, మేడమ్ ఎదురు చూస్తుంటుంది. మేమిద్దరం ఆ మాట ఎలా అనాలా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నాం. చివరికి ఆవిడే చీర దులుపుకుని లేచింది.

"నేను ఇంత దూరం తిరిగిన రోజు ఈ దేశమొచ్చాక ఇదేనే అమ్మాయ్," అంది. "ముహర్రక్ దాటి అవతల ఏముందో తెలియదు నాకు. ఇంత పచ్చగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు."

మళ్ళీ వెళ్దాం వదినా అన్నాను. నిజంగానే అన్నాను. తర్వాతి చలికాలంలో ఇంకోసారి వెళ్ళాం కూడా. ఆ రోజు ఆవిడ సీసా తేలేదు. కామారెడ్డి అన్నని పక్కకి జరగమని, చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని తనే పాలు పితికింది. నల్లావు కాస్సేపు ఓర్చుకుని, చెంబుని ఒక్క తన్ను తన్నింది. పాలన్నీ వదిన ఒళ్ళో పడ్డాయి. ఆవిడ నవ్వుతూనే ఉంది, బాబా బల్ల మీంచి లేచొచ్చి ఏమైందని అడిగేదాకా.